నాలుగువందల పన్నెండో కేసు

సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడానికి కంప్యూటరు పుట్టించిన టెస్ట్ కేసులు ఎప్పటిలాగే సోమవారం ఉదయం మనుషులై వచ్చి, టోకెన్లు తీసుకుని, ఆఫీసు వరండాలో బెంచీల మీద కూర్చున్నాయి. రైలు గేట్లు వాటంతటవే పడి లేచే సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసు అది.

వాటిని ఒక్కొక్కటిగా పిలిచి, నమూనా గేటు ముందు నిలబెట్టి, గేటు అర సెకనులో స్పందించిందో లేదో రాసుకోవడం సన్యాసినాయుడి ఉద్యోగం. 'గడువు దాటితే సరైన జవాబూ తప్పే' అని గోడ మీద రాసి ఉంటుంది. దాని పక్కనున్న గడియారం పది నిమిషాలు వెనక నడుస్తుంది.

గేదెల మంద వచ్చింది, పాసయింది. గేటు మీద చీర ఆరేసిన ఆవిడ వచ్చింది, పాసయింది. నాలుగువందల పన్నెండో నంబరు స్కూటరుతో వచ్చాడు. పడిన గేటు కింద స్కూటరు పక్కకి వంచి, తానూ వంగి దూరాడు. పట్టాల మధ్య చక్రం ఇరుక్కుంది. దారి ఖాళీగా ఉందని చెప్పి గేటు రైలుకు పచ్చదీపం వెలిగించింది.

నాయుడు కాగితం మీద 'ఫెయిల్' అని రాసుకున్నాడు. రోజూ తను ఆఫీసుకు వచ్చేదీ అలాగే.

మేనేజరు భీమశంకరం కాగితం చూసి పెదవి విరిచాడు. "గేటు కింద దూరకూడదని రూలుంది కదయ్యా. రూలున్నాక ఎవడు దూరతాడు? కొట్టెయ్. శుక్రవారమే ప్రారంభోత్సవం."

"మనమందరం దూరే వస్తున్నాం కదండీ."

"అది ఆఫీసు టైములో కాదు కదా!"

పైవాడు ఔనన్నాక కిందివాడు కాదనే ఆఫీసు ఇంకా ఎవరూ కట్టలేదు. నాయుడు సిగ్గుపడుతూనే కొట్టేశాడు. కొట్టేసిన కేసులను నిబంధన ప్రకారం ఊళ్లోకి వదిలేస్తారు.

"గేటు సరిసేసి ఇంకోపాలి పరీచ్చ సేసేస్తే మీ సొమ్మేటి పోనాది బాబూ?" అంటూ నాలుగువందల పన్నెండు స్కూటరు తోసుకుంటూ వెళ్లిపోయాడు.

మళ్లీ సోమవారం ఆఫీసు దారిలో కొత్త గేటు పడింది. హాజరుకు ఇంకా ఆరు నిమిషాలుంది. నాయుడు స్కూటరు వంచి దూరాడు. ఎదురుగా పట్టాల మధ్య నాలుగువందల పన్నెండు, చక్రం ఇరుక్కుని, దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. నాయుడి వెనక మరో అరడజను స్కూటర్లు చేరాయి. పచ్చదీపం వెలిగింది. రైలు కూత వినిపించింది.

"రేపు తప్పకుండా మళ్లీ పరీక్షిస్తాను," అన్నాడు నాయుడు, చెమటలు కక్కుతూ చక్రం లాగుతూ.

"రేపైతే సరైన జవాబూ తప్పే గదా బాబూ. మీ గోడ మీదే సదివినాను."

వెనక నుంచి భీమశంకరం హారన్ మోగించాడు. "కదలవయ్యా నాయుడూ, హాజరు టైమైపోతోంది!"

నాయుడు వెనక్కి తిరిగి చూశాడు. జనం ఇంకా దూరుతూనే ఉన్నారు, గేటుకు వేలాడుతున్న 'దూరరాదు' బోర్డు తలకు తగలకుండా జాగ్రత్తగా వంగి.