మేనేజరు గదిలో దీపం

తప్పులుంటే మన్నించండి. ఆయన పోయాక, అరవై దాటాక అక్షరాలు దిద్దుకున్న చెయ్యి ఇది. నత్తనడకే దీనికి పరుగు. మా పెద్దాడి కడుపునొప్పి గురించి రాయడానికే చాలా రోజులు పట్టింది.

ఆ ఉదయం పెద్దాడు చెప్పులు తొడుక్కుంటూ, "ఇవాళ ఆరింటికే బయల్దేరతానమ్మా. నువ్వు చదివేటప్పుడు ముందు వరసలో ఉంటా," అన్నాడు. పెద్దవాళ్ళ బడిలో ఆ సాయంత్రం నేను తొలిసారి పదిమంది ముందు నిలబడి చదవాలి.

"నువ్వు కనబడకపోతే నాకు నోరు పెగలదురా," అన్నాను.

వాడి ఆఫీసులో ఒక ఆచారం ఉంది. మేనేజరు గదిలో దీపం ఆరేదాకా ఎవరూ కుర్చీ వదలరు. పని అయిపోయినా కాగితాలు అటువి ఇటు, ఇటువి అటు సర్దుతుంటారు. కొత్తగా చేరిన పిల్ల ఒక్కతే ఆరు కాగానే "వెళ్ళొస్తానండీ" అని లేచిపోతుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర పెద్దాడు ఆ పిల్లకు నా చదువు సంగతి చెప్పి, "అంత ధైర్యంగా ఎలా వెళ్తావమ్మా?" అని అడిగాడు.

"సంచి తీసుకుని వెళ్తానంకుల్. మీరూ ఉన్నమాట చెప్పెయ్యండి."

ఉన్నమాట చెప్పే ధైర్యమే ఉంటే వాడు మా ఇంటి మనిషెందుకవుతాడు? ఆరవుతుండగా పొట్ట పట్టుకుని, "కొంచెం నొప్పిగా ఉంది," అని గొణిగాడు.

క్యాషియరు వేడినీళ్ళు తాగించాడు. "కుడివైపా, ఎడమవైపా?" అంది టైపిస్టు. వాడు తడబడి రెండువైపులా చూపించాడు. "మా బావగారికీ ఇలాగే మొదలైంది. కోసి కుట్టారు," అందామె. దాంతో బల్లమీది ఫైళ్ళు దించి మనిషిని ఎక్కించారు. లేవబోతే "కదలకండి" అని భుజాలు అదిమారు. మేనేజరు పరుగున వచ్చి, "నా కారులో ఆసుపత్రికి తీసుకెళ్తా. రాత్రంతా నేనే ఉంటా," అన్నాడు. నొప్పి తగ్గిపోయిందని వాడంటున్నా ఎవరూ వినలేదు.

సంచి భుజాన వేసుకున్న ఆ పిల్ల బల్ల దగ్గర ఆగింది. "అంకుల్, మీ నొప్పికి మందు మీ అమ్మగారి బడిలో కదా ఉంది?"

పడుకున్నచోటి నుంచే పెద్దాడు నిజం కక్కేశాడు. అందరూ మేనేజరు మొహం చూశారు.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "ఇంటికి వెళ్ళడానికి ఇంత నాటకమా? నేనూ వెళ్ళలేకేగా చస్తున్నా. నా గది అద్దాల్లోంచి చూస్తే ఒక్కరూ వంచిన తల ఎత్తరు. మీరంతా పనిచేస్తుంటే నేను ముందు లేస్తే ఏం బాగుంటుంది? మా చిన్నది నన్ను 'ఆదివారం నాన్న' అంటోంది."

"మేం మీ దీపం చూసి కూర్చున్నాం సార్," అన్నాడు క్యాషియరు నీరసంగా.

మేనేజరే వెళ్ళి దీపం ఆర్పాడు.

ఆసుపత్రికని తీసిన కారు బడి ముందు ఆగింది. ఒక్క మొహం కోసం వెతుకుతున్న నాకు ముందు వరసంతా ఆఫీసే కనబడింది. కంగారులో మొదటి వాక్యం రెండుసార్లు చదివాను. క్యాషియరు రెండుసార్లూ చప్పట్లు కొట్టాడు. వెనక గోడకానుకుని నిలబడ్డ ఆ పిల్లకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. పెద్దల ముందు లేచి నిలబడటమే మర్యాదని మేం నేర్చుకున్నాం. చెప్పి లేచి వెళ్ళడమూ మర్యాదేనని ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నాను.

ఇప్పుడు పెద్దాడు రోజూ వెలుతురుండగానే ఇంటికొచ్చి నా రాతలో తప్పులు దిద్దుతున్నాడు. ఇది మాత్రం వాడికి చూపించలేదు.

ఇట్లు,
పెద్దాడి అమ్మ, డెబ్బై ఒకటో ఏడు. ఉండేది కొడుకింట్లో, సాయంత్రాలు మాత్రం వాడి దిద్దుబాటు తప్పించుకుని, ఈ కాగితాలతో మేడమీద.