థర్మాకోల్ గిరి విజయం

ట్రెంట్ నదీతీరాన, ధూమ్రవర్ణ మేఘమాలికలను దుప్పటిలా కప్పుకొని దినమంతా కునికే నాటింగ్‌హామ్ నగరపు శివారున, భుజం భుజం ఆనించి నిలిచిన ఎర్ర ఇటుకల గృహపంక్తిలో పదిహేడవ నంబరు గల సౌధాన, క్రీస్తుశకం వెయ్యిన్నీ తొమ్మిదివందల ఎనభైమూడవ సంవత్సరపు మార్చి మాసంలో, శనివారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాల శుభవేళ, ఇంటింటి గ్యాస్ మీటర్ల అంకెలు రాసుకొనే ఉద్యోగీ, విరళకేశుడూ, అట్టపెట్టెల పాలిటి యముడూ అయిన హెడ్లీ బ్రామ్‌వెల్, వంటింటి బల్ల ముందు నిలిచి, రొట్టె కోసే పళ్లకత్తిని సొరుగనే ఒరనుండి దూశాడు.

ఎదుట ఒక మహా శ్వేతఖండం. కొత్త ఫ్రిజ్‌కు దెబ్బ తగలకుండా పెట్టెలో కూరిన థర్మాకోల్ అది. మధ్యాహ్నం రెండు గంటలలోగా అది కొండ కావాలి.

ఏలనంటే, ప్రతి శనివారం సెయింట్ ఆల్డెల్మ్ చర్చి హాలులో ఎదిగిన మగవాళ్లు పదిమంది ఒక పెద్ద బల్ల చుట్టూ చేరి, అంగుళమెత్తు సీసపు సైనికులను బారులు తీర్చి, పాచికలు వేసి పాతకాలపు యుద్ధాలు చేస్తారు. ఆ రణభూమికి కొండలూ అడవులూ కావాలి. దుకాణంలో దొరుకుతాయి గానీ, ఇంట్లో పారేసేవాటితోనే ధరిత్రిని సృజించడం హెడ్లీ వ్రతం. పోయిన శనివారం అతడు అట్టముక్కలతో, జిగురుతో కట్టిన పర్వతరాజం తడి ఆరేసరికి అప్పడంలా వంకర తిరిగి, దానిపై నిలిచిన పన్నెండుగురు యోధులనూ ఒక్క విదిలింపుతో నేలకు జార్చింది. అప్పుడు శత్రుసేనాధిపతి, కొనుక్కున్న కొండల కుబేరుడు డగ్లస్ థ్రోప్ సభామధ్యంలో ఇట్లా అన్నాడు:

"మావాళ్లు ఒక్క గుండైనా పేల్చలేదు కదయ్యా హెడ్లీ! నీ కొండే నీ పటాలాన్ని మింగేసింది. వచ్చేవారం నా కొండ వాడుకో. నువ్వు బిస్కెట్లు పట్టుకురా చాలు."

ఆ మాట ఏడు పగళ్లు హెడ్లీ హృదయంలో ములుకై కదిలింది.

అతడు కత్తి పైకెత్తి గర్జించాడు: "ఓరీ ధవళకాయా! రిఫ్రిజిరేటర్ కవచమా! నేడు నా ఖడ్గధారకు నీ కోణములు కూలును, నీ శిఖరమున నా సేన పాదము మోపును, థ్రోప్ గర్వము భగ్నమగును!"

"ఎవరితో మాట్లాడుతున్నావు హెడ్లీ?" మెట్ల మీదనుంచి భార్య ఎనిడ్ కేకేసింది.

"కొండతో."

"సరే. నా గౌను ఇస్త్రీ చేసి వంటింటి తలుపుకి తగిలించాను. నాలుగింటికి పాట ఉంది. నువ్వూ నీ కొండా దాని జోలికి పోకండి."

ఎనిడ్ మహిళా గానబృందంలో మంద్రస్వర సామ్రాజ్ఞి. ఆ నల్ల వెల్వెట్ గౌను ఆమె ఏడాదికి రెండుసార్లు ధరించే రాజవస్త్రం.

కత్తి దిగింది. కర్ణకఠోరమైన కీచుశబ్దం దశదిశలా వ్యాపించింది. ఆ గాయంనుండి రక్తానికి బదులు శ్వేతకణ సైన్యం వెల్లువెత్తింది! ఆవగింజంత రేణువులు, వేలు, పదివేలు, చొక్కా చేతులపై, కనుబొమలపై, టీ కెటిల్‌పై దండు విడిశాయి. ఊదితే ఎగిరాయి, ఎగిరి మళ్లీ వచ్చి వాలాయి. కుడిచేత దులిపితే ఎడమచేతికి అంటుకున్నాయి, ఎడమచేత దులిపితే ముక్కుకు. చీపురు ప్రయోగిస్తే చీపురే తెల్లగడ్డం మొలిచిన ముని అయింది.

అంతట హెడ్లీ క్రోధారుణనేత్రుడై, మెట్ల కింది గదిలోనుంచి మహాస్త్రాన్ని, అత్తగారిచ్చిన పాత వాక్యూమ్ క్లీనర్‌ను, ఈడ్చుకొచ్చి, తొందరలో గొట్టాన్ని గాలి పీల్చే వైపు కాక గాలి వదిలే వైపు బిగించి మీట నొక్కాడు.

వంటింట్లో మంచుతుఫాను లేచింది. అది శాంతించేసరికి నల్ల వెల్వెట్ గౌను నక్షత్రఖచిత గగనంలా మెరుస్తోంది.

గుమ్మంలో ఎనిడ్ నిలబడి ఉంది, తలనిండా రోలర్లతో.

"హెడ్లీ."

"ఊఁ."

"నా గౌను నల్లగా ఉండేది."

"లోపలింకా నల్లగానే ఉంది, ఎనిడ్."

ఆమె నవ్వలేదు. వీరుడి చేతిలో వాక్యూమ్ గొట్టం కిందికి వాలింది. "ఈ థర్మాకోల్‌ని చెత్తబుట్టలో పారేస్తాలే. థ్రోప్ కొండే వాడుకుంటా," అన్నాడు. ఆ కంఠంలో వీరరసం లేదు. ఇరవైరెండేళ్లుగా తలుపు తట్టిన ఏ ఇంట్లోనూ ఎవరూ పేరు పెట్టి పిలవని మీటర్ల మనిషి గొంతు ఉంది.

ఎనిడ్ గిన్నెలు తుడిచే గుడ్డ తడిపి, గట్టిగా పిండి, గౌను మీద పైనుంచి కిందికి మెల్లగా లాగింది. తడి తగిలిన శత్రుభటులు సత్తువుడిగి గుడ్డకు బందీలయ్యారు.

"థ్రోప్ నవ్వితే పక్క వీధిలో కుక్కలు మొరుగుతాయి," అంది. "వాడి కొండ మనకెందుకు? కత్తి కూడా తడుపుకో, పెరట్లో కొయ్యి. అయినా ఇంత ఏటవాలుగా కోస్తే ఎవడు నిలబడతాడు? అంతస్తులుగా కొయ్యి, పెళ్లి కేకులాగ."

"నిజం కొండలకి మెట్లుండవు, ఎనిడ్."

"నిజం సిపాయిలకి కాళ్లుంటాయి. నీ వాళ్లకున్నది అడుగున సీసపు బిళ్ల. బిళ్ల నిలబడేది చదును మీద."

ఇరవై ఏళ్ల యుద్ధశాస్త్రం ఆ ఒక్క వాక్యానికి పాదాక్రాంతమైంది; హెడ్లీ కత్తిని కొళాయి కింద పెట్టాడు.

పెరట్లో కోత సాగింది. మూడంతస్తుల శిఖరం లేచింది. దానిపై తెల్లజిగురు పూసి, చిలకపంజరంలో పరిచే ఇసుక చల్లి, బాత్రూమ్ గోడలకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు పూశాడు. ఆరబెట్టడానికి ఇంట్లో ఉన్నది ఒకటే హెయిర్ డ్రయ్యర్. ఎనిడ్ దాన్ని కాసేపు తన జుట్టుకూ కాసేపు పర్వతానికీ పట్టింది. పర్వతం పూర్తిగా ఆరింది. ఆమె జుట్టు ఒక పక్క ఆరలేదు. "ఆ పక్క గోడవైపు పెట్టుకుని పాడతాలే," అంది.

రెండు గంటలకు చర్చి హాలులో బల్ల మీద ఆకుపచ్చ గిరి ప్రతిష్ఠితమైంది. థ్రోప్ వంగి, వాసన చూసి, "కొండా ఇది, స్నానాలగదా?" అన్నాడు. హాలు గొల్లుమంది.

హెడ్లీ తన పన్నెండుగురు యోధులనూ ఒక్కొక్కరిగా పై అంతస్తున నిలిపాడు. థ్రోప్ మోకాలు, అనుకోకుండానే అనుకుందాం, బల్లకు గట్టిగా తగిలింది. పాచికలు దొర్లాయి. టీ తొణికింది. కొండ మీద ఒక్క తుపాకీ మొన కూడా అల్లాడలేదు.

తరువాత యుద్ధం జరిగింది. ఎత్తున నిలిచినవాళ్లు అందరికీ కనబడతారు గనుక, థ్రోప్ ఫిరంగులన్నీ తొలి విడతలోనే అటు తిరిగాయి. మూడు పాచికలలో హెడ్లీ పటాలం సమూలంగా హతమైంది. హతులను అతడే ఒక్కొక్కరిగా వేళ్లతో ఎత్తి పెట్టెలో పడుకోబెట్టాడు. అతడి ముఖం మాత్రం పున్నమిచంద్రుడిలా వెలిగిపోతోంది.

"ఓడిపోయావు కదయ్యా, ఎందుకా నవ్వు?" అన్నాడు థ్రోప్.

"ఒక్కడైనా జారాడా?"

థ్రోప్ కొండవైపు చూశాడు, పెట్టెవైపు చూశాడు. "లేదు," అని ఒప్పుకున్నాడు.

కావున, ఓ సకల దిక్పాలకులారా, ఓ మీటర్ రీడర్లారా, ఆలకించండి! ఆ శనివారం మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలకు, సెయింట్ ఆల్డెల్మ్ చర్చి హాలులో, బాత్రూమ్ రంగు గిరిశిఖరాన, బ్రామ్‌వెల్ పటాలం తుదిశ్వాసదాకా నిలబడింది. మరణించినవారు పన్నెండుగురు. జారినవారు సున్న.