మూడు కొటేషన్ల ల్యాప్‌టాప్

ఆ ఆదివారం పొద్దున సారంగపాణి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చాయ్ తాగాలి, భార్యకు ల్యాప్‌టాప్ ఆర్డర్ పెట్టాలి, తర్వాత మటన్‌కు పోవాలి. ఈ మూడింటిలో మటనే కష్టమైన పని అనుకున్నాడు. రంగశాయిపేటలో ఆదివారం పూట మంచి ముక్క దొరకాలంటే ఎనిమిదింటికల్లా షాపు ముందుండాలి.

ల్యాప్‌టాప్ అవసరం శుక్రవారం నాడు పడింది. ఆయన భార్య స్నేహలత కాజీపేటలో హైస్కూలు తెలుగు టీచరు. ఆరేళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్నది. పాలంపేట చుట్టుపక్కల ఊళ్లలో నాట్లేసే ఆడవాళ్లు పాడుకునే పాటల మీద పరిశోధన. ఆ పాటల్లో సగం ఆమె అత్త చిలుకమ్మ నోట విని రాసుకున్నవే. చివరి అధ్యాయం టైపు చేస్తుంటే ఇంట్లోని పాత కంప్యూటర్ టప్పుమని ఆరిపోయి, కాలిన వాసన వదిలి, మళ్లీ లేవలేదు. చేసిన పని పెన్‌డ్రైవ్‌లో భద్రంగానే ఉన్నది. కానీ థీసిస్ అప్పజెప్పడానికి గడువు ఈ ముప్పయ్యో తారీకు. యూనివర్సిటీ అప్పటికే రెండుసార్లు పొడిగించింది. ఇక పొడిగించేది లేదని కాగితం మీద రాసి మరీ పంపింది.

"ఏదైనా సరే. తెరిస్తే తెర్సుకోవాలె, కొడితే అచ్చరం పడాలె. అంతకంటే నాకేం అక్కర్లే," అన్నది స్నేహలత.

"గట్లెట్ల కొంటం? వస్తువు కొనుడంటే ఒక పద్ధతుంటది," అన్నాడు సారంగపాణి.

ఆయనకు ఆ పద్ధతి ఒంటబట్టి ఇరవై ఆరేళ్లయింది. హన్మకొండలో ఒక సర్కారు ఆఫీసులో పర్చేజ్ సెక్షన్ సూపరింటెండెంట్ ఆయన. మూడు కొటేషన్లు లేకుండా ఆ సెక్షన్‌లో గుండుసూదుల డబ్బా కూడా కొనరు. చాయ్ తాగుతూనే ఒక తెల్ల కాగితం మీద గీతలు కొట్టి, జెల్టన్ అని ఒక గడి, ఆర్విక్ అని ఒక గడి రాశాడు. మూడో కొటేషన్ ఉండాలి కాబట్టి, కొనే ఉద్దేశం ఏమాత్రం లేకపోయినా, ఇంకో కంపెనీ పేరు కూడా చేర్చాడు. ఆ గడులు నింపడానికి ఆ ఆదివారం సరిపోలేదు. మటనూ దొరకలేదు.

సోమవారం ఆఫీసులో విచారణ మొదలుపెట్టాడు. పక్క సీటు రమాకాంత్ జెల్టన్ మాట వినగానే ముఖం చిట్లించాడు.

"జెల్టన్ జోలికి పోకన్నా. మా బామ్మర్ది కొన్నడు. ఒళ్లె పెట్టుకుంటే తొడలు కాలుతయి. చలికాలమైతే తీస్కో, ఎండకాలం వద్దు."

సారంగపాణి జెల్టన్‌కు రెండు మార్కులు తగ్గించాడు. మధ్యాహ్నం కింది సెక్షన్ దీప ఆర్విక్ పేరు చెప్పగానే నవ్వింది.

"ఆర్విక్ ఎందుకు సార్? రెండేండ్లకే మా దానికి మూత ఊడొచ్చింది. ఇప్పుడు గోడకు ఆనిచ్చి వాడుతానం."

ఆర్విక్‌కు కూడా రెండు మార్కులు తగ్గాయి. రెండూ మళ్లీ సమానమయ్యాయి. వారమంతా అట్లాగే నడిచింది. ఒకరు పొగిడితే ఒకరు తిట్టారు. ఎవరు ఏమన్నా రెండింటి మార్కులూ పక్కపక్కన నడుస్తూనే ఉన్నాయి. స్నేహలత రోజూ రాత్రి భోజనాల దగ్గర "తేలిందా?" అని అడిగేది. ఆయన "తేలుతది" అనేవాడు.

పదో తారీకు, మళ్లీ ఆదివారం నాడు తేలింది. చివరికి ఆర్విక్ కొందామని ఫోన్‌లో వేలు పెట్టేసరికి స్టాక్ లేదని వచ్చింది. దాంతో జెల్టన్ గెలిచింది. బుధవారానికి ఇంటికి చేరుతుందని ఫోన్ చెప్పింది. ఆఫీసు పనిలో ఉండగా పార్సిల్ వాళ్లు ఫోన్లు చేసి విసిగిస్తారని, నంబర్ అడిగిన చోట తనది ఇవ్వకుండా, పగలంతా ఇంట్లోనే ఉండే తల్లి చిలుకమ్మ నంబర్ ఇచ్చాడు. అది తాను చేసిన తెలివైన పనుల్లో ఒకటని ఆ పూటకు అనిపించింది.

బుధవారం సాయంత్రం ఇంటికి రాగానే ఫోన్‌లో ఆర్డర్ తెరిచి చూశాడు. "కస్టమర్ అందుబాటులో లేరు" అని ఉన్నది.

"అమ్మా, పొద్దంత ఇంట్లనే ఉన్నవా?"

"నేనేడికి పోత బిడ్డా? మోకాళ్లు పట్టుకోని కూసున్న."

"ల్యాప్‌టాప్ ఇచ్చెటోడు ఎవడన్నా వచ్చిండా?"

"ల్యాప్‌టాపని ఎవ్వలు రాలే."

సారంగపాణికి ఒళ్లు మండింది. కంపెనీకి ఫోన్ చేశాడు. తెలుగుకు ఒకటి నొక్కమన్నారు, నొక్కాడు. ఆర్డర్ గురించైతే రెండు నొక్కమన్నారు, నొక్కాడు. పదకొండు నిమిషాలు సన్నాయి వాయించి, ఒక ఆడగొంతు మీ అసౌకర్యానికి చింతిస్తున్నామని చెప్పి పెట్టేసింది. ఫోన్ పక్కన పెట్టగానే శుక్రవారం మళ్లీ ప్రయత్నిస్తామని మెసేజ్ వచ్చింది.

శుక్రవారం వచ్చిన మాట ఇంకా ఘోరంగా ఉన్నది. "కస్టమర్ తీసుకోవడానికి నిరాకరించారు."

"నేను నిరాకరించిన్నా?" అని ఆయన ఫోన్‌ను అడిగాడు. "పన్నెండు రోజుల సంది దాని కోసమే ఎదురుసూస్తాన. నేనెందుకు నిరాకరిస్త?"

శనివారం పొద్దున మళ్లీ కంపెనీకి ఫోన్ కలిపి, సన్నాయి వింటూ కూర్చున్నాడు. స్నేహలత స్కూలుకు తయారై వచ్చి పక్కన నిలబడింది. "ఒక్క మాట. నేనేమంటాన్ననంటే..." అని మొదలుపెట్టింది. ఆయన చేయి ఎత్తి ఆపాడు. సన్నాయి ఆగింది, ఎవరో లైన్‌లోకి వస్తున్నారనుకున్నాడు. రాలేదు. తిరిగి చూసేసరికి స్నేహలత వెళ్లిపోయింది.

సోమవారం మూడోసారి కూడా అదే కథ. ఈసారి పార్సిల్ వెనక్కి పోయిందని మెసేజ్ వచ్చింది.

అప్పుడిక సారంగపాణి తనకు బాగా తెలిసిన ఆయుధం బయటికి తీశాడు. మంగళవారం ఆఫీసుకు సెలవు పెట్టి, బల్ల ముందు కూర్చుని, విషయం, సూచికలు, అంశాలు అంటూ నాలుగు పేజీల ఫిర్యాదు రాశాడు. పార్సిల్ తెచ్చే మనిషి ఇంటి ముఖం చూడకుండానే మూడుసార్లు వచ్చినట్టు దొంగ రాతలు రాశాడని, బాధ్యుణ్ని పనిలోంచి తప్పించి విచారణ జరపాలని కోరాడు. ఒక కాపీ ల్యాప్‌టాప్ అమ్మిన వాళ్లకు, ఒకటి పార్సిల్ కంపెనీకి, ఒకటి వినియోగదారుల ఫోరానికి. రాస్తుండగా స్నేహలత ఇంకోసారి వచ్చి, "ఇప్పుడన్నా ఇంటరా?" అన్నది. "ఇది పోస్టుల వేసినంక," అన్నాడాయన. ఆ తర్వాత ఆమె మళ్లీ అడగలేదు. ల్యాప్‌టాప్ ఎప్పుడొస్తుందని కూడా అడగడం మానేసింది. ఏవో స్పెషల్ క్లాసులని రోజూ ఆలస్యంగా ఇల్లు చేరుతున్నది. తన మీద నమ్మకం కుదిరిందని సారంగపాణి సంతోషించాడు.

ఫిర్యాదు పనిచేసింది. ఇరవై నాలుగో తారీకు ఆదివారం పదకొండింటికి ఇంటి ముందు రెండు బండ్లు ఆగాయి. ఒకాయన తెల్ల చొక్కా వేసుకుని ఉన్నాడు. రెండో ఆయనకు నలభై దాటి ఉంటాయి, చేతిలో హెల్మెట్ పట్టుకుని తల దించుకుని గేటు బయటే నిలబడిపోయాడు.

"నా పేరు విన్సెంట్ సార్. పార్సిల్ ఆఫీస్ ఇంచార్జిని. మీరు రాసిన లెటర్ పైకి పోయింది. చర్చి నుంచి సీదా ఇటే వస్తాన. ఇతను రాయమల్లు, మీ ఏరియా ఇతందే. లెటర్ వచ్చిన కాంచి డ్యూటీ ఇస్తలేం. మీ ముంగట అడిగి తేల్సుకుందామని తీస్కచ్చిన."

సారంగపాణి వాళ్లను కూర్చోబెట్టి, ట్యాగు వేసిన ఫైలు తెచ్చి ముందు పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "రాయమల్లూ, పదమూడో తారీకు మధ్యాహ్నం పన్నెండున్నరకు నువ్వు ఈ ఇంటికి వచ్చిన్నని రాసినవు. వచ్చినవా?"

"వచ్చిన సార్."

"అబద్ధం చెప్పకు. వచ్చినట్టు సాక్ష్యం ఏమన్నా ఉన్నదా?"

సాక్ష్యం వంటింట్లోంచి వచ్చింది. చిలుకమ్మ రెండు గ్లాసుల మంచినీళ్లు పట్టుకుని గడప దాటింది, రాయమల్లు ముఖం చూసింది, గ్లాసులు మళ్లీ వెనక్కి తీసుకుంది.

"ఓ బిడ్డా, గీన్నెందుకు లోపటికి రానిచ్చినవ్? గీడే ఆ దొంగ."

"ఏ దొంగ అమ్మా?"

"ఫోన్ల నంబర్లడిగే దొంగ. మూడుసార్లచ్చిండు. నీకు నంబరొచ్చింది, సెప్పవ్వా అంటడు. నువ్వేం జెప్పినవ్ నాకు? పక్కింటోళ్ల పైసలు బ్యాంకుల పోయిన నాడు ఇంత లావు కండ్లు జేసి, దేవుడచ్చి అడిగినా నంబర్ సెప్పద్దంటివి. నేను సెప్పలే. సదువరాదంటే ఫోనియ్యి నేను జూస్త అన్నడు. ఇగ నాకు సమజయింది."

సారంగపాణి మెల్లగా అడిగాడు. "మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వడిగింది ల్యాప్‌టాప్ ఇచ్చెటోడు వచ్చిండా అని. గీడు ఇచ్చెటోడు గాదు, అడిగెటోడు. దొంగలను ఎల్లగొట్టుడు గూడ నీకు జెప్పాల్నా? ఆఫీసుల అలిసిపోయి వస్తానవని ఊకున్న."

విన్సెంట్ గోడ మీది క్యాలెండర్‌ను శ్రద్ధగా చూస్తున్నాడు. రాయమల్లు మొదటిసారి తలెత్తాడు.

"ఓటీపీ అడిగితే అవ్వ మొదటిసారి తలుపేసుకున్నది సార్. రెండోసారి చీపురు తీస్కున్నది. మూడోసారి చీపురు ఇసిరింది. మా ఫోన్ల కస్టమర్ లేరని ఉంటది, వద్దన్నరని ఉంటది. కొట్టిండ్రని రాద్దామంటే అండ్ల ఆప్షన్ లేదు."

సారంగపాణికి ఫైలు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ఇరవై ఆరేళ్లలో ఎందరో కాంట్రాక్టర్ల తప్పులు పట్టుకున్న మనిషి. తన రాత వల్ల ఒకడు నాలుగు రోజులుగా పని లేకుండా తిరుగుతున్నాడని, వాడు చేసిన తప్పల్లా ఎండలో మూడుసార్లు రావడమేనని తెలిసి చెవులు వేడెక్కాయి.

"రాయమల్లూ, తప్పు నాదే. మనసుల పెట్టుకోకు," అన్నాడు.

"పనిల పెట్టియ్యిండ్రి సార్, చాలు," అన్నాడు రాయమల్లు.

అప్పటికప్పుడు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ ఉత్తరం రాయాల్సి వచ్చింది. మూడు చోట్లకు పంపాడు కాబట్టి మూడు ఉత్తరాలు. ఫిర్యాదుదారు తల్లి అనే మాట ఎక్కడ వేయాలో తేలక రెండు కాగితాలు చింపాడు. ఈలోపు స్నేహలత ఇద్దరికీ అన్నం పెట్టింది. చిలుకమ్మ రాయమల్లు పళ్లెంలో రెండోసారి కూర వేస్తూ, "ల్యాప్‌టాపని ముందుగాలనే సెప్పద్దా కొడుకా," అన్నది.

"నువ్వు సెప్పనిస్తివా అవ్వా," అన్నాడు వాడు.

విన్సెంట్ పోతూ పోతూ ఇంకో మాట చెప్పాడు. వెనక్కి పోయిన పెట్టె ఇక రాదు, కొత్తగా ఆర్డర్ పెట్టుకోవాలి. సారంగపాణి ఫోన్ తెరిచాడు. ఇప్పుడు జెల్టన్ స్టాక్ లేదు. ఆర్విక్ ఉన్నది. ఆయన వెళ్లి గడుల కాగితం తెచ్చుకుని, కళ్లజోడు పెట్టుకున్నాడు. ఎదురుగా నిలబడ్డ స్నేహలత ఆ కాగితాన్ని, ఆయనను కొంతసేపు చూసి, ఎంగిలి పళ్లేలు తీసుకుని లోపలికి పోయింది.

రెండు రోజుల ఆలోచన తర్వాత ఆర్విక్ ఆర్డర్ పెట్టాడు, ఈసారి తన నంబర్‌తో. ఇరవై తొమ్మిదో తారీకు సెలవు పెట్టి, పొద్దున తొమ్మిది నుంచి అరుగు మీదే కూర్చున్నాడు. పదకొండింటికి రావాల్సింది మధ్యాహ్నం రెండయింది, మూడయింది. ఫోన్‌లోని పటంలో పార్సిల్ బండి బొమ్మ హంటర్ రోడ్డు మీద గంటన్నర కదలకుండా నిలబడింది. నాలుగున్నరకు రాయమల్లు చెమటలు కక్కుతూ వచ్చాడు. బండి పంక్చరట. సారంగపాణి అడగకముందే ఓటీపీ నంబర్ అప్పజెప్పి, రెండు చేతులా పెట్టె అందుకున్నాడు.

అయిదున్నరకు స్నేహలత ఆటో దిగింది. ఆయన గేటు దాకా ఎదురెళ్లాడు.

"వచ్చింది స్నేహా. ఇంకా రేపు పొద్దటి దాక టైమున్నది. నువ్వు చెప్తాంటే నేను టైపు కొడ్త. రాత్రంత కూసుందాం."

స్నేహలత లోపలికి వచ్చి, చేతిసంచీలోంచి లావు పుస్తకం ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. నల్ల అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు. అట్ట జిగురు వాసన ఇంకా పోలేదు.

"అయిపోయింది. నాలుగు కాపీలు పొద్దుగాల్నే ఇచ్చచ్చిన. ఇది ఇంటికి."

"అయిపోయిందా? దేని మీద కొట్టినవ్?"

"ల్యాప్‌టాప్ మీద. మీరు శనివారం సన్నాయి ఇంటాండ్రు సూడుండ్రి, ఆ పొద్దు స్కూలు కాంగనే హన్మకొండ చౌరస్తాకు పోయి కొన్న. పది నిమిషాలు పట్టింది. స్కూల్ల పెట్టుకున్న. రెండుసార్లు చెప్పవస్తిని, మీరు ఇనకపోతిరి. ఆదివారం నాడు చెప్దామంటే, మీరు ఆ కాగితం పట్టుకోని ఎంత కుషీగున్నరో చూసి నాకే మనసొప్పలే."

సారంగపాణి కుర్చీలో కూలబడ్డాడు. ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఏ కంపెనీది?"

"చూడలే. నల్లగున్నది."

ఆయన పెట్టె వంక చూశాడు, పుస్తకం వంక చూశాడు. చేసేదేమీ లేక పుస్తకం తెరిచాడు. మొదట్లోనే కృతజ్ఞతల పేజీ ఉన్నది. అందులో ముందుగా పాటలు పాడిన అత్త చిలుకమ్మ పేరు, తర్వాత పాలంపేట ఆడవాళ్ల పేర్లు, తర్వాత గైడు పేరు. అన్నింటికన్నా కింద తన పేరు కనిపించింది.

"ఓపిక పట్టడం ఎట్లాగో ఈ చివరి నెలలో నాకు నేర్పిన నా భర్త సారంగపాణి గారికి."

ఆ వాక్యాన్ని ఆయన వేలు పెట్టి మూడుసార్లు చదివి, అచ్చుతప్పు ఏదీ లేదని తేల్చుకుని, తృప్తిగా పుస్తకం మూశాడు.