వేపుడు నూనె ట్రక్కు

లీరాయ్ అనేవాడు పుట్టకపోయి ఉంటే నార్బర్ట్ క్లిమెక్ బతుకు ఇంకోలా ఉండేది. చెల్లెలు డోలోరెస్ వాణ్ణి చేసుకున్న నాటినుంచి వాడు అడిగి తీసుకెళ్లిన వస్తువేదీ నిండుగా తిరిగి రాలేదు. ఆ శుక్రవారం పొద్దున కూడా అంతే, ట్రక్కులో డీజిలు ముల్లు అడుగున పడుకుని ఉంది.

నార్బర్ట్ ట్రక్కు నడిచేది ఊరి బార్లలో చేపలు వేపగా మిగిలిన నూనెతో. డీజిలు గుక్కెడే కావాలి: స్టార్టు చేయడానికి కాస్త, ఆపేముందు గొట్టాల్లోని నూనె కడగడానికి కాస్త. కడక్కుండా ఆపితే విస్కాన్సిన్ మార్చి చలికి ఆ నూనె పందికొవ్వులా పేరుకుపోతుంది. ఉన్న నాలుగు చుక్కలూ స్టార్టుకే సరిపోయాయి. పదింటికి టౌన్ హాల్లో వేలం. అతని నూనె పీపాలన్నీ పడి ఉన్న ఇంటి పక్క స్థలాన్ని అమ్మేస్తున్నారు. దానిమీద లీరాయ్ కన్ను కూడా ఉంది.

"ఆపితేగా గడ్డకట్టేది!" అనుకుని, ఇంజను తిరుగుతుండగానే ట్రక్కును హాలు గుమ్మం ముందు వదిలేసి, ఇంకా అరగంట ఉంది కదా అని కాఫీకి వెళ్లాడు.

ఈస్టరు ముందు మాంసం మానేసే శుక్రవారాల్లో, చర్చివాళ్లు సాయంత్రం చేపలు వేపేది కూడా ఆ హాలు కిందే. తిరిగొచ్చేసరికి గుమ్మం నుంచి పోస్టాఫీసు దాకా క్యూ.

"ఇవాళ పొద్దున్నే మొదలెట్టేశారర్రా!" అంటోంది అందరికన్నా ముందున్న బెర్నడీన్ ముసలమ్మ.

"అది నా ట్రక్కు పొగ వాసన, పిన్నీ! దారివ్వు, వేలానికెళ్లాలి."

"ఈ క్యూలో ఇల్లు కాలిపోతోందన్నవాణ్ణి చూశా, పెళ్లాం కంటోందన్నవాణ్ణి చూశా. ఇప్పుడు వేలమట! వెనక్కి నడువ్!"

సందులోంచి దూరబోతే చేతికర్రతో మోకాలిమీద ఒకటిచ్చింది. ఫాదర్‌గారికి మొరపెట్టుకుందామని చూస్తే, ఆయనా క్యూలోనే ఉన్నాడు. "నాతో చెప్పకుండానే మొదలెట్టారా?" అని నార్బర్ట్‌నే అడిగాడు.

అందరికన్నా చివర లీరాయ్, చేతిలో కాగితం పళ్లెం.

"ఏం బావా, కాబేజీ కూడా పెడతారంటావా?"

నార్బర్ట్ ప్రాణం లేచొచ్చింది. వీడూ ఇక్కడే ఇరుక్కున్నాడు! ఇక పాడేవాడెవడు? జీవితంలో మొదటిసారి వాడిమీద ప్రేమ పుట్టి, పక్కనే నిలబడ్డాడు.

"పెడతారు బావా, తొందరేముంది!"

పదిన్నరకు హాలు తలుపు తెరుచుకుంది. డోలోరెస్ కాగితం ఊపుకుంటూ బయటికొచ్చింది. క్యూ కట్టకముందే లోపలికెళ్లి కూర్చుందట.

"నేనొక్కదాన్నే పాడానన్నయ్యా, పోటీకి ఒక్కడూ రాలేదు! నీ పీపాలు సోమవారానికల్లా తీసెయ్."

నార్బర్ట్ ట్రక్కు వైపు తిరిగాడు. అప్పుడు తెలిసింది, వీధంతా ఎంత నిశ్శబ్దంగా ఉందో.

లీరాయ్ తాళంచెవి చేతిలో పెట్టాడు. "ఊరికే తిరుగుతోందని ఇందాకే ఆపేశాలే బావా."

పోయింది మూడుంపావు ఎకరాలు. చేప ముక్క ఒక్కటీ దక్కలేదు.