శత్రువు పేరు, పూర్తి చిరునామా

శత్రువు లేని మనిషి ప్రభుత్వం దృష్టిలో సగం నింపిన ఫారంతో సమానం. ఈ సత్యాన్ని పాత సైనిక వాహనాల కార్యాలయం వారు రెండు తరాల కిందటే కనిపెట్టారు. డీజిల్ స్వామికి మాత్రం మొన్నమొన్నటి దాకా తెలియదు.

నిజానికి ఆయనకు ఈ విషయంలో ఏళ్ల తరబడి ఒక సందేహం ఉండేది. రోజూ పొద్దున్నే స్నానం చేసి చదువుకునే ప్రార్థనలో "శత్రువుల బారి నుంచి కాపాడు తండ్రీ" అన్న మాట ఒకటి వస్తుంది. ఎవరి బారి నుంచి? బస్సు డిపోలో మెకానిక్కుగా ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. చేతుల్ని డీజిల్ వాసనా, నోటిని దేవుడి పేరూ వదలవు కాబట్టి తోటివాళ్లు ఆ పేరు పెట్టారు తప్ప, ఆయన మీద కత్తి కట్టినవాడు ఒక్కడూ లేడు. లేని బాధ తీర్చమని దేవుణ్ణి రోజూ విసిగించడం సబబేనా అని లోపల్లోపల నలిగేవాడు. (పాపం, ఆ దేవుడు కూడా రోజూ జాబితా తిరగేసి, ఈయన గడిలో ఏమీ కనపడక బిక్కమొహం వేస్తున్నాడేమో.)

తొమ్మిదేళ్ల కిందట స్వామి వేలంలో ఒక పాత మిలిటరీ వైర్‌లెస్ బండి కొన్నాడు. ముందు డ్రైవరు సీటు, వెనక పెట్టెలాంటి గది, ఆ గదిలో బల్లకు బిగించిన రేడియో సెట్టు. తెచ్చిన రోజున ఇంజనులో ఎలకలు సుఖంగా కాపురం చేస్తున్నాయి. వాటిని సాగనంపి, తుప్పు పట్టిన ప్రతి నట్టునూ కిరసనాయిల్లో నానబెట్టి విప్పాడు. రంగు గీకితే పచ్చ కింద ఇసుక రంగు, ఇసుక రంగు కింద మళ్లీ పచ్చ, ఇలా ఏడు పూతలు వచ్చాయి. (యుద్ధం ఎటు నడిస్తే బండి అటు రంగు మార్చింది. ఆ సంగతిలో బండినొక్కదాన్నే తప్పు పట్టలేం.) "మంచం మీద కంటే ఆ బండి కిందే ఎక్కువ పడుకున్నారు మీరు" అంటుంది ఆయన భార్య. అందులో వెటకారం లేదు. ఉన్న మాటే.

ఇంతలో కొత్త ఉత్తర్వు వచ్చింది. నెలాఖరులోగా అనుమతి పొందని సైనిక వాహనాలన్నిటినీ తుక్కు కింద తూకం వేస్తారు. తొమ్మిదేళ్ల పనిని కాటా మీద ఊహించుకుని స్వామి ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడే దరఖాస్తు ముందు కూర్చున్నాడు.

పది గడులు హాయిగా సాగాయి. పదకొండో గడి: శత్రువు పేరు, పూర్తి చిరునామా.

ఆ ఫారం యుద్ధకాలంలో తయారైంది. తర్వాత యుద్ధం అయిపోయింది గానీ ఫారాలు అయిపోలేదు. అవి అయిపోయే వేళకు అదే ఫారాన్ని కంప్యూటరులోకి ఎక్కించి, పదకొండో గడి పక్కన ఎర్ర చుక్క పెట్టారు. ఎర్ర చుక్క అంటే నింపి తీరాలి. స్వామి బాగా ఆలోచించి, నిజాయితీగా "లేరు" అని కొట్టాడు. చిరునామా అడిగితే, అడిగింది తన చిరునామాయే కాబోలనుకుని అదీ ఇచ్చాడు.

వారం తిరక్కుండా పోస్ట్‌మ్యాన్ ఆ కార్యాలయం పంపిన రిజిస్టరు కవరుతో వచ్చాడు.

"లేరు గారు ఉన్నారాండీ?"

"ఎవరు లేరు?"

"ఆయనేనండి. ఉన్నారా?"

"లేరయ్యా."

"అవునండి, ఆ పేరే. ఇంట్లో ఉన్నారా అని అడుగుతున్నా."

"లేరంటున్నాను కదా."

పోస్ట్‌మ్యాన్ కవరు మీద "లేరు" అని రాసుకుని వెళ్లిపోయాడు. కార్యాలయం వారు ఆ రాతను, దరఖాస్తులోని పేరును పక్కపక్కన పెట్టి సరిచూసి, శత్రువు స్వహస్తాలతో సంతకం చేసినట్టు నిర్ధారించుకున్నారు. చిక్కు ఇంకోచోట వచ్చింది.

"బాబాయిగారూ, మీ శత్రువు మీ ఇంట్లోనే ఉంటున్నాడు" అంది కౌంటరులో గుమస్తా అమ్మాయి, కాగితాలు వెనక్కి తోస్తూ. "ఒకే కప్పు కింద ఉండే శత్రువులు మా పరిధిలోకి రారు. కుటుంబ తగాదాల విభాగం, రెండో అంతస్తు."

"అమ్మా, నాకు అసలు శత్రువులే లేరు."

"అందరూ అలాగే అంటారండి. మొన్నొకాయనా అంతే. కాసేపు బల్ల మీద కూర్చోమంటే నలుగుర్ని గుర్తు చేసుకున్నాడు." తర్వాత జాలిపడి గొంతు తగ్గించింది. "బంధువుల్లో చూడండి. త్వరగా దొరుకుతారు."

ఇంటికొచ్చి ఈ మాట చెబితే భార్య కూర తరుగుతూనే అంది. "మా బావ ఉన్నాడుగా."

బావంటే ఆవిడ అక్క మొగుడు, స్వామికి తోడల్లుడు, రేడియోలు బాగుచేసే మనిషి. పక్క వీధిలోనే ఉంటాడు. ఆరేళ్ల కిందట బండిలోని సెట్టు చూడ్డానికొచ్చి, అందులో ఒక గాజు వాల్వు పీకి, "పరీక్ష చేసి రెండ్రోజుల్లో ఇస్తా తమ్ముడూ" అని పట్టుకెళ్లాడు. ఇవ్వలేదు. అలాంటి వాల్వు ఇంకెక్కడా దొరకలేదు. అడగడానికి స్వామికి మొహమాటం, ఎదురుపడటానికి ఆయనకు మొహమాటం. అప్పట్నుంచీ ఇద్దరూ ఒకరితో ఒకరు పెళ్లాల ద్వారానే మాట్లాడుకుంటున్నారు.

స్వామి వెళ్లి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అన్నయ్యా, మీరు నాకు శత్రువుగా ఉండాలి."

తోడల్లుడు కళ్లజోడు పైకి నెట్టి చూశాడు. "ఆరేళ్లకి నా గడప తొక్కి అడిగే మాటా ఇది? ముందు కూర్చో."

విషయమంతా విని ఆయన ముచ్చటపడ్డాడు. "అంతేనా. నీకోసం ఆ మాత్రం చెయ్యనా? ఎక్కడ పెట్టాలి సంతకం?"

అనుబంధ పత్రంలో వైరం స్థాయి అడిగారు: మామూలు, తీవ్రం, వంశపారంపర్యం. తోడల్లుడు తీవ్రం అన్నాడు. మామూలు చాలన్నాడు స్వామి. అక్కడ కాసేపు వాదన జరిగింది. (ఆరేళ్లలో వాళ్లిద్దరూ పోట్లాడుకోవడం అదే మొదలు.) వైరానికి కారణం అన్నచోట స్వామి తలొంచుకుని "వాల్వు" అని రాశాడు. తోడల్లుడు కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కచెల్లెళ్లిద్దరూ సాక్షి సంతకాలు చేశారు.

"ఇదేదో అప్పుడే నోరు తెరిచి అడిగుంటే ఈ తతంగం తప్పేది" అంది అక్క.

"ఈయన అడగరు, ఆయన ఇవ్వరు. మధ్యలో మన నోళ్లు పోయాయి" అంది చెల్లెలు.

నెలాఖరుకు ఒకరోజు ముందు ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చాడు. నిబంధన ప్రకారం శత్రువు కూడా హాజరయ్యాడు. స్వామి మనసులో దేవుణ్ణి తలుచుకుని తాళం తిప్పాడు. ఇంజను ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని, నిలకడగా అందుకుంది. వీధి చివరి దాకా వెళ్లి వచ్చారు. బ్రేకు వేసిన చోట ఆగింది. ఇన్‌స్పెక్టరు గళ్లలో టిక్కులు పెట్టుకుంటూ వెనక గదిలోకి ఎక్కాడు.

"సెట్టు వెయ్యండి."

స్వామి మీట నొక్కాడు. దీపం వెలిగింది. చప్పుడు లేదు.

"వైర్‌లెస్ మాట్లాడకపోతే ఇది వైర్‌లెస్ బండి కాదు. మామూలు లారీ. లారీలకు వేరే ఆఫీసు" అన్నాడు ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుంటూ.

తోడల్లుడు చొక్కా జేబులోంచి చేతిరుమాలు తీసి మడతలు విప్పాడు. లోపల వాల్వు ఉంది.

"అది ఆనాడే బాగుందని తేలింది తమ్ముడూ. ఇద్దామనే అనుకున్నా. రెండ్రోజులన్నవాణ్ణి నాలుగో రోజున రావడం నామోషీ అనిపించింది. ఆ తర్వాత రోజులు మరీ ఎక్కువైపోయాయి."

ఇన్‌స్పెక్టరు కలం ఆపి, స్వామిని పక్కకు పిలిచాడు. చెడ్డవాడేమీ కాదు.

"చూడండి, వైరానికి కారణం వాల్వు అని రాశారు. మీరది పుచ్చుకుంటే కారణం తీరిపోతుంది. కారణం లేకపోతే శత్రువు చెల్లడు. పదకొండో గడి ఖాళీ. నేనేం చెయ్యలేను."

"పుచ్చుకోకపోతే?"

"సెట్టు మోగదు. అదీ తిరస్కరణే. కాకపోతే మరమ్మతు గడువు అడగొచ్చు, మూడు నెలలు ఇస్తారు. ఆలోచించుకోండి."

స్వామి బండి వైపు చూశాడు. ఏడు పూతలు గీకిన తలుపు. తర్వాత అరచేతిలో వాల్వు పెట్టుకుని నిలబడ్డ అన్నయ్యను చూశాడు.

వాల్వు తీసుకుని సెట్టులో కూర్చోబెట్టాడు.

అది నెమ్మదిగా ఎరుపెక్కింది. ముందు గురగుర, తర్వాత ఈల, ఆ తర్వాత ఎక్కడినుంచో ఒకావిడ గొంతు, రేపు సాయంత్రానికి చిరుజల్లులు పడొచ్చని చెబుతోంది. చెవికి పెట్టుకునే గొట్టాల జత ఒక్కటే ఉంది. ఒకటి స్వామి పెట్టుకుని, రెండోది అన్నయ్యకిచ్చాడు. ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టి, వాతావరణం వార్తలు మొత్తం విన్నారు. అవి అయిపోయాక పంటల ధరలు కూడా విన్నారు.

ఇన్‌స్పెక్టరు అంతదాకా ఓపిగ్గా నిలబడి, తర్వాత బండి మెట్టు మీదే కూర్చుని గుండ్రటి అక్షరాలతో నివేదిక పూర్తి చేశాడు.

"వాహనం బాగున్నది. బ్రేకులు బాగున్నవి. సెట్టు బాగున్నది. దరఖాస్తుదారునికి, శత్రువుకు మధ్య కూడా బాగున్నది. కావున అనుమతి తిరస్కరించడమైనది."