జైలుకు వీపు పెట్టి

లలితకుమారి గారి హాల్లో కూర్చుని, ఆవిడ చేతికిచ్చిన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ నేనొక సంగతి గ్రహించాను. విదేశంలో జైలును చూడ్డానికి సరైన పద్ధతి ఒక్కటే. దానికి వీపు పెట్టి నిలబడడం!

నవ్వకండి. సీరియస్‌గానే అంటున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఓనర్లు భానుమూర్తి గారూ లలితకుమారి గారూ ప్యాకేజీ టూర్‌లో వియత్నాం వెళ్ళి మొన్ననే వచ్చారు. అక్కడ యుద్ధకాలపు జైలొకటి ఇప్పుడు మ్యూజియం అయిందట. ఆ ఫోటోలు టీవీలో వేసి చూపిస్తున్నారు. పై గదిలో కిరాయికుండే నేనూ, కింది పోర్షన్ ఈరమ్మా ప్రేక్షకులం. ఓనర్ల టూర్ ఫోటోలు చూసి తీరాలని అగ్రిమెంట్‌లో ఉండదు. కానీ నీళ్ళ మోటారు స్విచ్ వాళ్ళింట్లో ఉంటుంది కదా!

నిజానికి ఈరమ్మ ఫోటోల కోసం రాలేదు. ఆమె కొడుకు అభిలాష్ దుబాయ్‌లో డ్రైవరు. యాక్సిడెంట్ కేసులో అక్కడి జైల్లో ఉన్నాడు. భానుమూర్తి గారి తమ్ముడు ప్రసన్నకుమార్ ఉండేదీ ఆ ఊళ్ళోనే.

“సారూ, మీ తమ్మున్ని ఒక్కపారి పోయి మా పోరన్ని జూసి రమ్మనరాదుండ్రి. మంచిగున్నడో లేడో, గంత ఎరుకైతే చాలు,” అంది గుమ్మంలోనే.

“దానికేముంది ఈరమ్మా, చెబుదాంలే. ముందు కూర్చో, ఫోటోలు చూద్దువుగాని,” అన్నారు లలితకుమారి గారు.

సరే, నా వాదనకొస్తాను. పాతకాలపు యాత్రికులు ఎంత అమాయకులు! జైల్లోకి వెళ్ళి, గోడలు తడిమి, బోర్డులు చదివి, మనసు పాడుచేసుకుని అన్నం మానేసేవారు. ప్యాకేజీలో బఫే పెట్టుకుని అన్నం మానేయడం ఎంత నష్టం! సెల్ఫీ వచ్చి ఆ ప్రమాదం తప్పించింది. జైలుకు వీపు పెడితే మన కళ్ళకు మన మొహమే కనిపిస్తుంది. మన మొహం చూసుకుని ఎవరికైనా ఏడుపొస్తుందా?

కాళ్ళకు బేడీలు వేసిన ఖైదీల బొమ్మలు ఒక వరసలో ఉన్నాయి. చివర కాస్త చోటుంటే భానుమూర్తి గారు సర్దుకుని కూర్చున్నారు. బస్సులో సీటు దొరికినంత ఆనందం ఆయన మొహంలో!

ఒంటరి ఖైదీని ఉంచే గది దగ్గర చిన్న గుమ్మం, లోపల చీకటి, బయట క్యూ. మనవాళ్ళకు ఇంకేం కావాలి? బ్యాచ్ మొత్తం చెప్పులు విప్పేసింది. ఒకాయన గడప మీద చిల్లర కూడా వేశాడట. గార్డు పరుగెత్తుకొచ్చి తిరిగిచ్చేశాడు. భక్తిని అర్థం చేసుకోవడానికి కూడా సంస్కారం ఉండాలి!

“అమ్మా, లోపటున్నోళ్లకు తిండి మంచిగ పెట్టెటోళ్లా?” ఈరమ్మ అడిగింది.

“పెట్టకుండా ఉంటారా? ఇదిగో, మా బఫే చూడు. పెరుగు మాత్రం లేదు. నరకం అనుకో.”

“ఇంటోళ్లు ఒస్తే కలవనిచ్చెటోళ్లా?”

“అవన్నీ బోర్డు మీద రాసుంటాయి ఈరమ్మా. చదువుతూ నిలబడితే బస్సు వెళ్ళిపోదూ? అయినా ఆ జైలు గొడవంతా నీకెందుకే!”

భానుమూర్తి గారు దగ్గారు. “ఏమోయ్...”

“ఉండండి, అసలు ఫోటో ఇప్పుడొస్తుంది!”

వచ్చింది. టీవీ నిండా లలితకుమారి గారు, కూలింగ్ గ్లాసులు, రెండు వేళ్ళ విక్టరీ. బాగా వచ్చిందన్నాను. కిరాయిదారు ధర్మం.

ఈరమ్మ లేచి టీవీ దగ్గరికి వెళ్ళింది. ఫోటోలో లలితకుమారి గారి భుజం వెనకాల ఇనుప తలుపు, ఆ తలుపులో అరచేయంత కిటికీ ఉన్నాయి. ఈరమ్మ కొంగుతో స్క్రీన్ మీద దుమ్ము తుడిచి, మొహం ఆనించినంత దగ్గరగా పెట్టి ఆ కిటికీలోకి చూసింది.

“పక్కకు జరుగు ఈరమ్మా, నేను కనిపించట్లేదు!”

చూశారా! అన్ని ఫోటోల్లోనూ జైలును చూసింది ఆమె ఒక్కతే. అందుకే మరోసారి మనవి చేస్తున్నాను, జైలు వైపు మొహం తిప్పడం ఆరోగ్యానికి మంచిది కాదు. హాయిగా బతకాలంటే వీపు పెట్టడం నేర్చుకోండి. దానికి వియత్నాం దాకా వెళ్ళనక్కర్లేదు, ఇంట్లో కూర్చునే సాధన చేయొచ్చు.

ఈరమ్మ జరిగింది. మా ముగ్గురినీ ఒకసారి చూసి, చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.