ఊవే గిటారుకు పెంచలయ్య వంత

ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి మూడు వారాలైంది. అక్కడి ఫింటాస్ పేటలో మూడో అంతస్తు ఫ్లాట్ వంటమనిషి పెంచలయ్య ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది: బేకరీ వరసలో నిలబడి రొట్టెలు తేవడం, ఈలోగా ఊవే గిటారు ముట్టకుండా చూడడం.

ఊవే జర్మనీ హాస్యగాడు. గిటారు వాయిస్తూ, ఒక్క మాటను మూడు రకాలుగా తిప్పి పాడి జనాన్ని నవ్విస్తాడు. జర్మన్ ఇంజనీర్ల క్లబ్బులో ఒక్క కచేరీకని వచ్చి ఇరుక్కుపోయాడు. తెల్లవాళ్లు కనబడితే సైనికులు పట్టుకుపోతున్నారు. అతనికి బస ఇచ్చిన ఇంటి యజమాని సెలవు మీద ఊరెళ్లాడు కాబట్టి అతిథి ప్రాణం పెంచలయ్య చేతిలో పడింది.

"సామీ, నేనొచ్చేదాకా దాని జోలికి పోవద్దు. కిందనే మిలిట్రీ ఉండాది" అని సైగలు కలిపి చెప్పాడు.

ఊవే బుద్ధిగా తలూపాడు. పెంచలయ్య చెప్పులేసుకునేలోపే గిటారు తీసి, గొంతులోనే కొత్త పాట మొదలెట్టాడు. చమత్కారం పడ్డ చోట, జనం నవ్వాలని అలవాటుగా ఆగాడు. పెంచలయ్యేమో కడప జిల్లాలో పన్నెండేళ్లు బుర్రకథకు వంత పాడినవాడు. కథకుడు ఆగితే వంత పడాల్సిందే.

"తందాన తాన!" అని మేడ అదిరేలా అందుకున్నాడు.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఎదురు ఫ్లాట్ నర్సు జ్ఞానమ్మ పరుగెత్తుకొచ్చింది. "కొంప ముంచేశారు కదండీ!" అంటూనే ఊవే తలకూ ముఖానికీ నోరొదిలి కట్టు కట్టేసి, తెల్లతోలు కనబడకుండా చేతులకు ఊదారంగు మందు పూసేసింది.

ఆ అరుపేమిటని తలుపు దగ్గర గుబురు మీసాల సైనికుడు అడిగాడు.

"దేవుని పాట" అన్నాడు పెంచలయ్య. "అంటురోగం!" అంది అదే క్షణంలో జ్ఞానమ్మ.

సైనికుడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"రెండూ నిజమే సారూ. నా తమ్మునికి అమ్మవారు పోసింది. అమ్మవారొస్తే మా దిక్కు పాట పాడాల" అని పెంచలయ్య తనకొచ్చిన అరబ్బీలో సర్దాడు.

సైనికుడు రెండడుగులు వెనక్కి వేశాడు గానీ వెళ్లలేదు. "యల్లా, కానివ్వండి, పాడండి" అన్నాడు.

ఊవే పాడితే జర్మన్ బయటపడుతుంది. పెంచలయ్య తువ్వాలు భుజాన వేసుకుని తనే గొంతెత్తాడు.

"పిలవని పేరంటానికొచ్చి పీటెయ్యమన్నాడు మీసాల దొర!"

అని ఆగాడు. ఆ ఆగడం ఎందుకో ఊవేకు ఒకరు చెప్పనక్కర్లేదు. గిటారు ఝల్లుమనిపించి "తందాన తాన!" అన్నాడు. శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు. తెలుగు రాని మీసాల దొర తల ఊపుతూ ఇంకో చరణం పాడించుకుని మరీ మెట్లు దిగిపోయాడు. తన మనిషి అంత బాగా అందుకున్నందుకు పెంచలయ్య ఛాతీ ఉప్పొంగింది.

పన్నెండేళ్ల అనుభవానికి ఆ రోజు కథకుడి హోదా దక్కింది. కాకపోతే వంతకు జర్మనీ నుంచి మనిషి రావాల్సి వచ్చింది.